తొలి కాన్పు ఖర్చు ఎవరిది?

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు సుఖప్రసవం కొరకు ఒక చీటీ అయినా లేని వారం అరుదు. సంఘమంతా ప్రార్థిస్తుంది. బిడ్డ పుట్టగానే స్తుతి కానుక వస్తుంది, మిఠాయి పంచుతారు. ఈ రెండింటి మధ్య ఆ ఇంట్లో మరో లెక్క నడుస్తుంది. ఆసుపత్రికి అడ్వాన్సు ఎంత కట్టాలి, ఎవరి గొలుసు తాకట్టు పెట్టాలి, మిగతాది ఎవరి దగ్గర వడ్డీకి తేవాలి అనే లెక్క అది. అది చీటీ మీదికి రాదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 3,000, ఏడాదికి 36,000 వడ్డీకే పోతుంది. బిడ్డ నడక నేర్చే నాటికి కూడా అసలు అలాగే ఉంటుంది.

ప్రియులారా, దేవుడిచ్చే బహుమానాన్ని అప్పుతో ఇంటికి తెచ్చుకునే పరిస్థితి మన కుటుంబాల్లో ఎందుకు వస్తోంది? దానిలో సంఘం చేయగలిగినది ఏమిటి? ఈ వారం ఈ విషయం ఆలోచిద్దాం.

సర్వే చెబుతున్నది

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మన అమ్మమ్మల కాలంలో ఇది ఊహకందని సంగతి. దీనికి దేవునికి కృతజ్ఞతలు చెల్లించాలి.

అదే సర్వేలో మరో లెక్క ఉంది. దేశం మొత్తం మీద సిజేరియన్ ద్వారా జరిగిన కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల వరకే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 81.5. అంటే తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రికి కాన్పుకు వెళ్ళిన ప్రతి ఐదుగురిలో నలుగురు ఆపరేషన్‌తోనే ఇంటికి వచ్చారు. ఒక దేశంలోగానీ ప్రాంతంలోగానీ ఈ ఆపరేషన్లు 10 శాతం దాటిన తర్వాత ఇంకా పెరిగినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టం చేసింది.

ఇంత తేడాకు కారణం ఒక్కటే కాదు. నొప్పుల భయం ఉంది. గంటల తరబడి పక్కన ఉండి ధైర్యం చెప్పే శిక్షణ పొందిన మంత్రసానులు, నర్సులు చాలినంత మంది లేరు. ఆపరేషన్ అయితే ఆసుపత్రికి సమయం కలిసొస్తుంది, రాబడీ పెరుగుతుంది. ముహూర్తం చూసి కోయించుకునే అలవాటు కూడా ఉంది. ముహూర్తాలు నమ్మం అనే మన ఇళ్ళలోనూ ఫలానా తేదీన పుడితే బాగుంటుందని డాక్టరును అడిగేవారున్నారు. పేరు మారినంత మాత్రాన అలవాటు మారదు.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. సిజేరియన్ ప్రాణాలు నిలబెట్టే చికిత్స. అవసరమైనప్పుడు ఖర్చు చూసి వద్దనడం పొదుపు కాదు, ప్రాణంతో చెలగాటం. అలాగే సాక్ష్యం చెప్పేటప్పుడు ఆపరేషన్ లేకుండా అయింది, ఇది మా విశ్వాసానికి జవాబు అనే మాట జాగ్రత్తగా వాడాలి. అదే బల్ల మీద కుట్లు మానని చెల్లెలు కూర్చుని ఉంటుంది. ఆమె విశ్వాసంలో ఏ లోపమూ లేదు.

పుట్టింటి మీద పడే భారం

మన తెలుగు ఇళ్ళలో తొలి కాన్పు పుట్టింటివారిది అనే ఆనవాయితీ ఉంది. ఏడో నెలలో కూతురిని తీసుకువచ్చి, కాన్పు చేయించి, బాలింత సేవ చేసి, మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో పంపడం తల్లిదండ్రుల బాధ్యత అంటారు. దీనిలో మంచి ఉంది. తొలిసారి తల్లి అయ్యే పిల్లకు తన తల్లి చేతి వంట, తన ఇంటి విశ్రాంతి దొరుకుతాయి. ఆ ప్రేమను పోగొట్టుకోవద్దు.

అయితే ప్రేమగా మొదలైనది పద్దుగా మారింది. ఏ ఆసుపత్రిలో చేర్చాలో అత్తింటివారు చెబుతారు, బిల్లు పుట్టింటివారు కడతారు. కట్టేవాడు ఒకడు, నిర్ణయించేవాడు ఒకడు అయినప్పుడు ఖర్చుకు అదుపు ఉండదు. పెళ్ళి అప్పు ఇంకా తీరని తండ్రి, అల్లుడి పరువు తగ్గకూడదని పెద్ద ఆసుపత్రికే తీసుకువెళతాడు. కట్నం తీసుకోలేదని సభలో చెప్పుకున్న కుటుంబం కూడా తొలి కాన్పు బిల్లు, బిడ్డకు బంగారం, ఉయ్యాల, సారె అన్నీ లెక్కపెట్టి తీసుకుంటే, దానిని ఏమని పిలవాలి? పురుషుడు తన తండ్రిని తల్లిని విడిచి తన భార్యను హత్తుకుంటాడని పెళ్ళిరోజున మనం చదువుతాము. అలా హత్తుకున్నవాడు ఆమె కాన్పు ఖర్చును మామగారి ఖాతాలో రాయకూడదు. బిడ్డ తండ్రి మొదటి బాధ్యుడు. పుట్టింటివారు ప్రేమతో ఇచ్చేది కానుకగా ఉండాలి, బాకీగా కాదు.

లేఖనం చూపే మేర

బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. ఆయన అక్కడ మాట్లాడింది శిష్యత్వం గురించి, ఇంటి ఖర్చుల గురించి కాదు. అయినా ముందుగా లెక్క చూసుకోవడం వివేకం అని వినేవారందరూ ఒప్పుకున్నారు గనుకనే ఆ ఉపమానం నిలిచింది. దేవుడే చూసుకుంటాడు, లెక్కలెందుకు అనే మాట విశ్వాసంలా వినిపిస్తుంది. చివరికి చూసుకోవలసి వచ్చేది మాత్రం తాకట్టు వ్యాపారిని.

దీనికంటే లోతైన మాట లేవీయకాండము 12వ అధ్యాయంలో ఉంది. బిడ్డను కన్న తల్లి శుద్ధి దినాలు గడిచాక గొఱ్ఱెపిల్లను అర్పించాలి. దానిని తెచ్చే శక్తి లేని తల్లికి రెండు పక్షులు చాలు. బీద తల్లికి వేరే ధర ఉండాలని ధర్మశాస్త్రమే ఏర్పాటు చేసింది. ఆమెను అప్పు చేయమనలేదు, బంధువుల దగ్గర చేయి చాపమనలేదు. లూకా 2వ అధ్యాయంలో యోసేపు మరియలు దేవాలయానికి వచ్చినప్పుడు అర్పించింది ఆ పక్షులనే. దేవుని కుమారుడు పుట్టిన ఇంట్లో గొఱ్ఱెపిల్లకు డబ్బు లేదు. దానికి వారు సిగ్గుపడ్డారని ఎక్కడా లేదు. తన శక్తి కొలది చేయడం దేవుని దృష్టికి తక్కువ కాదు. మరి మన బంధువుల దృష్టికి ఎందుకు తక్కువ అవుతోంది?

కూర్చుని వేసుకునే లెక్క

ఉదాహరణకు ఒక ఇంటిని తీసుకుందాం. భర్త జీతం నెలకు 18,000. భార్య ప్రైవేటు బడిలో టీచరు, 9,000. రెండో నెలలో సంగతి తెలిసింది. ఇంకా ఏడు నెలలు ఉన్నాయి. నెలకు 3,000 విడిగా వేస్తే కాన్పు నాటికి 21,000 చేతిలో ఉంటుంది. బిడ్డ పుట్టాక ఆమె ఆరు నెలలు పనికి వెళ్ళదు, బడి జీతం ఇవ్వదు అనుకుందాం. ఆగిన జీతం 54,000. ఈ ఇంటికి అన్నిటికంటే పెద్ద ఖర్చు బహుశా ఇదే. ఏ చీటీ మీదా ఎవరూ రాయని ఖర్చు కూడా ఇదే. అదే ఇంట్లో బిడ్డ పేరు పెట్టే ప్రార్థనకు 200 మందిని పిలిచి భోజనానికి మనిషికి 250 చొప్పున ఖర్చు చేస్తే 50,000. ఒక్క పూట భోజనం తల్లి ఆరు నెలల విశ్రాంతికి దాదాపు సమానం. ఏది ముందు?

ఖర్చును మూడు భాగాలుగా రాసుకోవాలి. కాన్పుకు ముందు: రక్తపరీక్షలు, స్కానింగులు, మందులు, రాకపోకలు. తల్లి రక్తం గ్రూపు నెగెటివ్ అయితే ఖరీదైన ఇంజెక్షన్ అవసరం రావచ్చు, మొదటి నెలల్లోనే తెలుసుకోవాలి. కాన్పు సమయంలో: ఆసుపత్రి బిల్లు. తర్వాత: తల్లి ఆహారం, ఆగిన జీతం, బిడ్డ అవసరాలు. వీటితోపాటు బిడ్డను కొన్ని రోజులు ప్రత్యేక విభాగంలో ఉంచవలసి వస్తే ఏమిటన్నది కూడా ముందే ఆలోచించాలి. ప్రైవేటులో ఇళ్ళు గుల్లయ్యేది ఎక్కువగా అక్కడే. ప్రభుత్వ పెద్ద ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు ఉన్నాయి, అక్కడ చికిత్స ఉచితం.

ప్రైవేటు ఆసుపత్రిని ఎంచుకుంటే ప్యాకేజీ ధర ఒక్కటి విని రావద్దు. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం, మందులు ఆ ధరలో ఉన్నాయా? మామూలు కాన్పు అనుకున్నది ఆపరేషన్‌గా మారితే ఎంత? ఆపరేషన్ అంటే ఎందుకు, ఇంకా వేచి చూసే వీలుందా? ఇవి అడగడం డాక్టరును అవమానించడం కాదు. మంచి డాక్టరు జవాబు చెబుతారు.

బీమా ఉంది కదా అని ధీమాగా ఉండవద్దు. సొంతంగా తీసుకున్న చాలా పాలసీల్లో కాన్పు ఖర్చు ఇవ్వడానికి కొన్నేళ్ళు ఆగాలి. గర్భం వచ్చాక తీసుకుంటే ఉపయోగం ఉండదు. భర్తకు ఈఎస్ఐ కార్డు ఉంటే భార్యకు ఆ ఆసుపత్రుల్లో వైద్యం అందుతుంది.

ఉచితంగా ఉన్నది వదులుకోవద్దు

2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు ఉచితం. ఆపరేషన్ అయినా ఉచితమే. మందులు, పరీక్షలు, రక్తం, మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్ అయితే 7 రోజుల వరకు భోజనం, రాను పోను వాహనం దీనిలో ఉన్నాయి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్షలు జరుగుతాయి. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో తొలి బిడ్డకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 నిర్ణయించారు. రాష్ట్రాన్ని బట్టి పథకాలు మారుతుంటాయి గనుక మీ ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును అడిగి మొదటి మూడు నెలల్లోనే పేరు నమోదు చేయించుకోండి. టీకాలు కూడా అక్కడ ఉచితమే.

ఉచితం అన్నా చేతి ఖర్చు ఉంటుంది. పైన చెప్పిన సర్వేలోనే ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుకు దేశ సగటున కుటుంబం 2,916 రూపాయలు సొంతంగా పెట్టుకున్నట్టు తేలింది. బిడ్డను చూపించడానికి డబ్బులడిగే వార్డులూ లేకపోలేదు. రద్దీ ఉంటుంది, ఒక్కొక్కచోట కసురుకుంటారు. మనవాళ్ళు ప్రైవేటుకు పోవడానికి డాబు ఒక్కటే కారణం కాదు, మర్యాద కోసం కూడా పోతున్నారు. కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళమని సలహా చెప్పి ఊరుకోకుండా, వెళ్ళినవారికి తోడు ఉండే మనుషులు కావాలి. అక్కడ సంఘం పని మొదలవుతుంది.

సంఘం చేయవలసినది

గుంటూరులో మన ముందుతరం చూసిన ఒక సాక్ష్యం ఉంది. అమెరికా లూథరన్ మిషను తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చారు. స్త్రీలకు వైద్యం అందని రోజులవి. 1898లో ఆమె ఆసుపత్రి తెరిచారు. తర్వాత అది కుగ్లర్ ఆసుపత్రిగా పేరుపొందింది. కాన్పు కష్టం సంఘానికి సంబంధించిన సంగతే అని ఆ తరం నమ్మింది. మనం ఆసుపత్రులు కట్టలేకపోవచ్చు. చేయగలిగినవి ఇవి.

పెళ్ళికి ముందు ఇచ్చే ఉపదేశంలో కాన్పు ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నను రెండు కుటుంబాల ఎదుట కాపరి అడగాలి. స్త్రీల సమాజంలో అనుభవమున్న ఇద్దరు ముగ్గురు అక్కలు ప్రతి గర్భిణికి తోడుగా ఉండి, నమోదు దగ్గర నుంచి ఆసుపత్రి వరకు వెంట వెళ్ళాలి. యౌవనస్థులు రక్తదాతల పట్టిక సిద్ధంగా ఉంచాలి. పేరు పెట్టే ప్రార్థనకు టీ బిస్కెట్లు చాలు అని సంఘ పెద్దలు తమ మనవళ్ళతోనే మొదలుపెట్టాలి. పెద్దలు తగ్గితే పేదలు ఊపిరి పీల్చుకుంటారు. కానుకల్లో కొంత భాగం ప్రసూతి నిధిగా వేరుచేసి, వడ్డీ లేకుండా, పేరు బయట పెట్టకుండా ఇవ్వాలి.

చివరిగా మన సంస్థలు. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు నిర్ణయించింది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు అది వర్తిస్తుంది. మన బడిలో టీచరుకు, మన ఆసుపత్రిలో నర్సుకు, హాస్టల్ ఆయాకు ఆ సెలవు అందుతోందా, లేక ఏడో నెలలో రాజీనామా రాయించుకుంటున్నామా? పైన లెక్కలో ఆగిన ఆ 54,000 మనమే ఆపుతుంటే, ప్రసూతి నిధికి కానుక ఇవ్వమని అడిగే హక్కు మనకు ఉండదు.

గర్భవతుల కొరకు ప్రార్థిద్దాం, మానవద్దు. ఈ ఆదివారం ఆ చీటీ చదివాక కాపరి, సంఘ పెద్దలు ఆ ఇంటికి వెళ్ళి లెక్క ఎక్కడిదాకా వచ్చిందమ్మా అని అడగండి. రెండు పక్షులతో వచ్చిన తల్లిని సంతోషంగా చేర్చుకున్న దేవుడు మన సంఘాలకు ఆ మనసు అనుగ్రహించును గాక. ఆమెన్.