పతకం కోసమా, ఆత్మరక్షణ కోసమా?

వేసవి సెలవులొస్తే చాలు, పిల్లల్ని కరాటే క్లాసులో చేర్చడం ఇప్పుడు మామూలైపోయింది. ఆడపిల్లల తల్లులైతే "దానికి కాస్త ధైర్యం వస్తుంది లెండి" అంటూ మరీ చేరుస్తున్నారు. మంచిదే. కానీ అక్కయ్యలూ, ఆ ఒక్క పేరు కింద రెండు రకాల చదువులున్నాయి. మన పిల్ల ఏది నేర్చుకుంటోందో తెలుసుకోవద్దూ?

కరాటే పుట్టిల్లు జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవి. అక్కడివాళ్ళ పోరు విద్యకు చైనా విద్య తోడై ఈ రూపం వచ్చింది. చాలాకాలం గుట్టుగానే నేర్పేవారు. 20వ శతాబ్దం మొదట్లో ఇటోసు అంకో అనే గురువు దాన్ని బడుల్లోకి తెచ్చారు. ఆయన శిష్యుడైన బడిపంతులు ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శించాక జపాన్‌లో పాకింది. తెల్ల దుస్తులూ, నల్ల బెల్టూ జూడో నుంచి తెచ్చుకున్నవే.

పాతకాలపు చదువంతా 'కటా'లోనే ఉండేది. కటా అంటే కాచుకోవడం, కొట్టడం, అడుగు తిప్పడం ఒక వరుసలో పేర్చిన పాఠం. ఫునాకోషి కుర్రతనంలో రాత్రిళ్ళు గురువుగారి పెరట్లో ఒకే కటాను నెలల తరబడి చేసేవారట. గురువు మెచ్చేదాకా రెండోది లేదు. రోజూ ముగ్గు పెట్టే చేతికి చుక్కలు లెక్కపెట్టే పని ఉండదు చూడండి, అలా ఒంటికి పట్టాలన్నమాట. అయినా ముందుగా మనం చెయ్యెత్తకూడదన్నదే ఆయన నియమం. ఆయన భార్య కూడా కటాలు చేసేవారట. ఇరుగుపొరుగు తగవులు మాత్రం మాటతోనే సర్దేవారట!

ఇక రెండోది ఆట. ఫునాకోషికి పోటీలంటే ఇష్టముండేది కాదు. ఆయన పోయిన 1957లోనే జపాన్ కరాటే అసోసియేషన్ దేశవ్యాప్త పోటీలు మొదలుపెట్టింది. 1970లో టోక్యోలో ప్రపంచ పోటీలు జరిగాయి. ఇద్దరు తలపడే పోటీని 'కుమితే' అంటారు. టోక్యో ఒలింపిక్స్‌లో దాని లెక్క ఇదీ: చేతి దెబ్బకు 1 పాయింటు, ఒంటికి తగిలే కాలి దెబ్బకు 2, తలకు తగిలే కాలి దెబ్బకు 3. అయితే గట్టిగా తగలనివ్వకూడదు.

2021లో ఆ ఒలింపిక్స్‌లో ఏం జరిగిందో చూడండి. 75 కిలోలు పైబడిన మగవారి ఫైనల్లో సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు. అతని కాలి దెబ్బకు ఇరాన్ ఆటగాడు సజాద్ గంజ్‌జాదే స్పృహతప్పి పడిపోయాడు. పడిపోయినవాడికే బంగారు పతకం వచ్చింది! మోతాదు మించి కొట్టినందుకు హమేదీని అనర్హుణ్ణి చేశారు. కొట్టే చేతికి అదుపు ఉండాలన్న పాతమాట ఆటలోనూ మిగిలే ఉంది.

అదే ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ కటాలో బంగారు పతకం గెలిచిన స్పెయిన్ దేశస్తురాలు సాండ్రా సాంచెజ్‌కి అప్పటికి 39 ఏళ్ళు. మన వయసు దాటిపోయిందనుకునే వాళ్ళం వినాల్సిన సంగతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం కరాటేకు చోటు దక్కలేదు.

ఆట చెడ్డదని కాదు. ఒంట్లో చురుకుదనం, గుండె ధైర్యం వస్తాయి. కానీ వీధిలో రెఫరీ ఉండడు. చెయ్యి పట్టుకున్నవాడు పాయింట్లు లెక్కపెట్టడు. కాబట్టి ఫీజు కట్టేముందు మాస్టారిని మూడు మాటలు అడగండి. పోటీలకే తయారు చేస్తారా? చెయ్యిగానీ జుట్టుగానీ పట్టుకుంటే విడిపించుకుని, గట్టిగా అరిచి పరుగెత్తడం నేర్పుతారా? బెల్టు పని చూసి ఇస్తారా, నెలలు లెక్కపెట్టి ఇస్తారా?

గోడకు వేలాడే పతకం ముచ్చటే. కానీ పిల్ల సాయంత్రం ట్యూషన్ నుంచి ఒంటరిగా వచ్చేటప్పుడు తోడుండేది ఒంటికి పట్టిన చదువే. ఏమంటారు?