దేవుడే ఏర్పరచుకుంటే, మనిషిని పిలవడమెందుకు?

1878 జూలై 3. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. పేరు చదవడం, మనిషి దిగడం, మునిగి లేవడం... పొద్దున మొదలైన పని సాయంత్రానికి గాని తెమలలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు. వాళ్ల వెనక ధాత కరువు ఉంది. ఆ కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని జనానికి కూలి చూపించారు. తిండికోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం అయిపోయిందని చెప్పినా వాళ్లు వెనుదిరగలేదని, తమకు డబ్బు వద్దు, సంఘంలో చేర్చుకుంటే చాలన్నారని ఆయన చెప్పారు.

వాళ్లను ఏటి ఒడ్డుకు తెచ్చిందేమిటి? కరువా, కులం మోపిన బరువా, పల్లె పెద్దల మాటా, ఎవరికి వారు చేసుకున్న నిర్ణయమా? క్రైస్తవ వేదాంతం ఈ వరుసలో ఇంకో ప్రశ్న చేరుస్తుంది. దేవుడే వాళ్లను ముందుగా ఏర్పరచుకున్నాడా? ఏర్పరచుకుంటే, నమ్మాలా వద్దా అన్న నిర్ణయం వాళ్లదేనా? పదహారు వందల ఏళ్లుగా తెగని తగువు ఇది.

'ముందుగా నిర్ణయించడం' అనగానే మనకు తలరాత గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు. కర్మ సిద్ధాంతంలో లెక్క ఉంటుంది, చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఏర్పాటు సిద్ధాంతంలో లెక్కే లేదు. ఏర్పరచబడినవాడిలో ఏ యోగ్యతా చూడకుండానే దేవుడు ఎంచుకున్నాడని దాని సారం. ఓదార్పూ అందులోనే ఉంది, భయమూ అందులోనే ఉంది. నా అర్హతతో రాలేదు కాబట్టి నా లోపంతో పోదన్నది ఓదార్పు. మరి ఎంచుకోనివాళ్ల మాటేమిటన్నది భయం.

మనిషి తన చిత్తబలంతో దేవుడి ఆజ్ఞలు పాటించగలడని బోధించిన పెలాగియస్‌ను 418లో కార్తేజ్ సభ తప్పుపట్టింది. కృప లేనిదే అది సాధ్యం కాదని ఆయనతో వాదించిన ఉత్తరాఫ్రికా బిషప్ అగస్టీన్ మాట నిలిచింది. ఎరాస్మస్ 1524లో స్వేచ్ఛాచిత్తాన్ని సమర్థిస్తే, ఆ చిత్తం పాపానికి బానిస అని మరుసటి ఏడాది లూథర్ బదులిచ్చారు. కాల్విన్ ఏర్పాటు బోధను మరింత పదునుగా చెప్పారు. అయితే ఇది కత్తి దూసేదాకా పోయింది మాత్రం హాలండ్‌లో.

లైడెన్ విశ్వవిద్యాలయంలో వేదాంతం చెప్పిన అర్మీనియస్‌ను ఇప్పటికీ చాలామంది పెలాగియస్ వారసుడిగా చూస్తారు. అది అన్యాయం. కృప ముందుగా తాకనిదే మనిషి దేవుడి వైపు తిరగలేడని ఆయనా నమ్మారు. ఆ కృపను తోసిపుచ్చడం మనిషికి సాధ్యమేనన్నదే ఆయన వాదం. ఎవరు నమ్ముతారో ముందే ఎరిగి దేవుడు వాళ్లను ఏర్పరచుకున్నాడని ఆయన బోధించారు. 1609లో ఆయన పోయారు. మరుసటి ఏడాది ఆయన అనుచరులు అయిదు అంశాల విన్నపం రాశారు. దాన్ని తేల్చడానికి 1618 నవంబరులో డోర్ట్ పట్టణంలో మహాసభ కూడింది. ఇంగ్లండ్, జర్మన్, స్విస్ ప్రాంతాల ప్రతినిధులూ వచ్చారు. అర్మీనియస్ వర్గం ముద్దాయిల్లా నిలబడింది, చివరికి బయటికి గెంటించుకుంది.

అప్పటికే ఆ తగువులో రాజకీయం కలిసిపోయింది. స్పెయిన్‌తో సంధి కుదిర్చిన వృద్ధ రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ అర్మీనియస్ పక్షాన్ని కాచారు. సేనాధిపతి మారిస్ అవతలి పక్షంలో చేరారు. 1619 మే 13న హేగ్‌లో ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల నరికారు. అప్పటికి ఆయన వయసు 71. సుమారు 200 మంది పాదిరులు పదవులు పోగొట్టుకున్నారు. ఎవరు ఎంపికైనదీ దేవుడికే తెలుసన్నవాళ్లు, సంఘంలో ఎవరుండాలో తామే తేల్చేశారు. చదివిన ప్రతిసారీ ఇక్కడ నాకు మనసు చివుక్కుమంటుంది.

ఈ సిద్ధాంతం మన నేలను తాకిన దారి ఇంగ్లండ్ మీదుగా వచ్చింది. 18వ శతాబ్దంలో అక్కడి కొన్ని బాప్టిస్టు సంఘాలు ఏర్పాటు బోధను చివరంటా లాగాయి. ఏర్పరచబడినవారు ఎలాగూ వస్తారు, కానివారు రాలేరు, రాలేనివాళ్లను రమ్మనడం అబద్ధమాడటమేనన్నారు. అలాంటి సంఘంలోనే పెరిగిన ఆండ్రూ ఫుల్లర్ 1785లో పుస్తకం రాసి ఈ ముడి విప్పారు. కాళ్లు లేనివాడు నడవలేకపోవడం వేరు, కాళ్లుండీ మొండికేసినవాడు కదలకపోవడం వేరు. పాపి రాలేకపోవడం రెండో రకం. కాబట్టి ప్రతి ఒక్కరినీ పిలవచ్చు, పిలవాలి కూడా. ఏర్పాటును ఆయన వదులుకోలేదు, పిలుపు నోరు నొక్కేసిన తర్కాన్ని మాత్రం విరగ్గొట్టారు.

ఆ వాదం చెప్పులు కుట్టే విలియం కేరీకి ఊతమైంది. అన్యజనుల్ని మార్చాలనుకుంటే దేవుడే మారుస్తాడు, కూర్చోవయ్యా అని ఒక పెద్ద పాదిరి ఆయన్ను కసిరారని కథ ఉంది. ఆ పాదిరి కొడుకే దాన్ని నమ్మలేదు. అయినా అది ఇన్నేళ్లు బతికిందంటే, ఆనాటి గాలి అలా ఉండేదన్నమాట. 1792 అక్టోబరు 2న కెటరింగ్‌లో ఒక ఇంటి గదిలో చేరి, 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీల చందాలతో ఫుల్లర్, కేరీ, వాళ్ల తోటి బాప్టిస్టులు మిషనరీ సంఘం పెట్టారు. ఏర్పరచబడినవారి కోసమే క్రీస్తు ప్రాణం పెట్టాడని నమ్మే శాఖ వాళ్లది. సముద్రం దాటింది వాళ్లే. శ్రీరాంపూర్ నుంచి కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది, తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడింది. సిద్ధాంతం మనిషిని చేతులు కట్టుకు కూర్చోబెడుతుందనేవాళ్లు ఈ రెండు పుస్తకాల్నీ ఒకసారి తలచుకోవాలి.

అదే ఇంగ్లండ్‌లో బోధకులు వెస్లీ, వైట్‌ఫీల్డ్ ప్రాణస్నేహితులై ఉండీ 1740 ప్రాంతంలో ఇదే విషయం మీద చీలిపోయారు, వెస్లీ అర్మీనియస్ వైపు, వైట్‌ఫీల్డ్ కాల్విన్ వైపు. వెస్లీ బాటలోని మెథడిస్టులు మెదక్‌లో గుడి కట్టారు. కాల్విన్ సంప్రదాయంలో పుట్టిన లండన్ మిషన్ కడప, గుత్తి ప్రాంతాల్లో పనిచేసింది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఈ రెండు ధారల్నీ, ఆంగ్లికన్లనీ ఒక్క కప్పు కిందికి తెచ్చింది. అపొస్తలుల, నీకేయ విశ్వాస ప్రమాణాల మీద వాళ్లు ఒక్కటయ్యారు.

నా మటుకు, ఏర్పాటు అనేది నమ్మినవాడు తన దారి వెనక్కి చూసుకుని కృతజ్ఞతతో అనుకోవాల్సిన మాట. పక్కవాడిని కొలవడానికి దాన్ని ఎత్తినప్పుడల్లా అది పాడైంది. డోర్ట్ పెద్దలకూ ఈ సంగతి కొంత తెలుసనిపిస్తుంది. పసిబిడ్డల చావు ఇంటింటి సంగతైన రోజులవి. రెండొందల మంది పాదిరుల్ని వీధిపాలు చేసిన ఆ సభే తన తీర్మానాల మొదటి భాగం 17వ అంశంలో, శైశవంలో బిడ్డను పోగొట్టుకున్న విశ్వాసులైన తల్లిదండ్రుల వైపు తిరిగింది. మీ బిడ్డ ఏర్పాటు గురించి అనుమానం పెట్టుకోవద్దని వాళ్లకు చెప్పింది.