జనవరి పత్తి, జూన్ పురుగు

సూరత్ నగరం ఉత్తరపు అంచున, ముంబై–అహ్మదాబాద్ రైలు మార్గం మీద కోసాడ్ అనే చిన్న స్టేషన్ ఉంది. ఒకప్పుడది పల్లె. ఇప్పుడు నగరపాలక సంస్థలో కలిసిపోయిన శివారు. ఉకాయ్, కాక్రాపార్ కాలువల నీళ్లొచ్చాక ఈ చుట్టుపక్కల చెరకు, వరి పెరిగి పత్తి వెనక్కి తగ్గింది. అయినా తెలుగు పత్తి రైతు కష్టం అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. కోసాడ్‌కు దక్షిణాన, సూరత్‌లోని అఠ్వా ఫారం పరిశోధన కేంద్రంలో, 1970లో ప్రపంచపు తొలి వాణిజ్య పత్తి హైబ్రిడ్ పుట్టింది. అదే రైలు మార్గంలో ఉత్తరానికి వెళితే భరూచ్ వస్తుంది. అక్కడి పత్తిలో దొరికిన నమూనాలను చూసే 1840ల తొలినాళ్లలో సాండర్స్ అనే ఆంగ్ల కీటక శాస్త్రవేత్త గులాబీ రంగు పురుగును వర్ణించి, దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. దేశమంతా వ్యాపించిన ఆ హైబ్రిడ్ విత్తన పద్ధతి ఈ పురుగుకు ఎలా కలిసొచ్చిందో తేల్చుకోకుండా పత్తి విధానం గురించి ఎంత మాట్లాడుకున్నా ఫలితం ఉండదు.

ముందు పురుగు సంగతి. తల్లి పురుగు పూమొగ్గల మీద, లేత కాయల మీద గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో పిల్ల పురుగు బయటికొచ్చి, కాసేపటికే లోపలికి దూరిపోతుంది. దూరిన రంధ్రం పూడుకుపోతుంది. ఇక ఎంత ఖరీదైన మందు కొట్టినా దానికి తగలదు. మొగ్గలో చేరితే పూరేకులను దారాలతో అల్లి విచ్చుకోనివ్వదు. అలాంటి వాటిని మన రైతులు గుడ్డి పూలంటారు. కాయలో చేరితే బయటికి ఏమీ తెలియదు. నిగనిగలాడే పచ్చి కాయను కోసి చూస్తే లోపల గులాబీ చారల పురుగు, తినేసిన గింజ, రంగు మారిన దూది కనిపిస్తాయి. చేను పచ్చగా ఉంది కదా అని నమ్మిన రైతుకు పత్తి తీసే రోజున గాని నష్టం తెలిసిరాదు.

దీని స్వభావంలో అసలు కీలకం వేరే ఉంది. శనగపచ్చ పురుగు శనగ, కంది, మిరప, టమాటా ఏది దొరికితే అది తింటుంది. గులాబీ పురుగుకు దాదాపు పత్తే ఆధారం. బెండ వంటి పత్తి కుటుంబపు మొక్కలు కొంతమేర పనికొచ్చినా, అది తరం తర్వాత తరం పెరిగేది పత్తిలోనే. చలికాలంలో పగళ్లు కురచవుతుంటే ఎదిగిన పురుగు రెండు గింజలను దారంతో జతచేసి, వాటి మధ్య నిద్రావస్థలోకి పోతుంది. ఆ గింజలు ఎండు కాయల్లోనో, చేని గట్టున వేసిన పత్తి కట్టెలోనో, జిన్నింగ్ మిల్లు గోదాములోనో నెలల తరబడి ఉంటాయి. తొలకరికి రెక్కల పురుగు బయటికొస్తుంది. అప్పటికి ఎక్కడా మొగ్గ లేకపోతే సంతానం మిగలకుండానే చచ్చిపోతుంది. ఏడాదిలో కొన్ని నెలలు ఊరంతా పత్తి లేకుండా చేయగలిగితే చాలు, ఈ పురుగు బలం సగం విరిగినట్టే.

ఇక్కడే హైబ్రిడ్ల ప్రస్తావన వస్తుంది. సూరత్‌లో శాస్త్రవేత్త సి.టి.పటేల్ గుజరాత్-67ను అమెరికన్ నెక్టారిలెస్ రకంతో సంకరం చేసి తెచ్చిన ఆ తొలి హైబ్రిడ్, హెచ్-4, గొప్ప శాస్త్ర విజయం. ఆ ఘనతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ దారిలో నడిచి, దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా హైబ్రిడ్లతో నింపేశాం. ఇంత పెద్ద ఎత్తున హైబ్రిడ్ పత్తి వేసే దేశం మరొకటి లేదు. విత్తనం ఖరీదు కాబట్టి ఎకరానికి మొక్కలు తక్కువ. మొక్కలు తక్కువ కాబట్టి ఒక్కోదాని నుంచి ఎక్కువ కాయలు రావాలి. అందుకు పంట కాలం 180 రోజులు దాటి సాగుతుంది. నీటి వసతి ఉన్నచోట ఫిబ్రవరి, మార్చి దాకా చేను నిలబడే ఉంటుంది. విరామమే ప్రాణగండమైన పురుగుకు మనం విరామం లేకుండా మేత పెడుతున్నాం.

పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసేలా జన్యువు చొప్పించిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. దాన్ని కూడా ఈ దీర్ఘకాలిక హైబ్రిడ్లలోకే ఎక్కించారు. శనగపచ్చ పురుగు మీద అది బాగా పనిచేసింది, మందుల వాడకాన్ని తొలి ఏళ్లలో తగ్గించింది. అది కాదనలేని మేలు. గులాబీ పురుగు మాత్రం త్వరగా తట్టుకుంది. బీటీ పత్తిలోని క్రై1ఏసీ అనే విషాన్ని తట్టుకునే పురుగులు గుజరాత్‌లోనే, అమ్రేలీలో 2008లో సేకరించిన నమూనాల్లో బయటపడ్డాయి. అమ్రేలీతో పాటు భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో నిరోధకత ఉన్నట్టు 2010 మార్చిలో విత్తన సంస్థ మోన్‌శాంటో ప్రకటించింది. రెండు జన్యువులున్న బీటీ పత్తి బోల్‌గార్డ్-2 అప్పటికే, 2006 నుంచే, మార్కెట్లో ఉంది. పదేళ్లు తిరక్కముందే అదీ ఈ పురుగు ముందు నిలవలేకపోయింది. 2017 నాటికి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలు ఆ దెబ్బ తిన్నాయి.

బీటీ పొలం చుట్టూ వేయాలని 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల సాధారణ విత్తనం ఇచ్చేవారు. విషం తగలని పురుగులు అక్కడ పెరిగి, తట్టుకున్న పురుగులతో జతకట్టి నిరోధకతను పలచన చేయాలన్నది సిద్ధాంతం. మన దగ్గర ఆ పొట్లాన్ని ఎక్కువ మంది పారేశారు. రైతును నిందించి లాభం లేదు. పురుగుకు వదిలేయడానికి నీ భూమిలో కొంత ఇవ్వు అంటే, అందుకు పరిహారం మాటే ఎత్తకపోతే, అప్పు తెచ్చి సాగు చేసేవాడు ఎందుకు వింటాడు? చైనాలోని యాంగ్‌ట్సీ లోయలో రైతులు బీటీ హైబ్రిడ్ల రెండో తరం గింజలు విత్తారు. వాటిలో సుమారు పావు వంతు బీటీ లేని మొక్కలే వచ్చి, ప్రతి చేనులోనూ అలాంటి ఆశ్రయ పంట దానంతటదే ఏర్పడింది. పెరుగుతున్న నిరోధకత అక్కడ వెనక్కి తగ్గిందని 2017లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. అమెరికాలో బీటీ పత్తికి తోడు లింగాకర్షణ పదార్థాలు వాడారు, కోత కాగానే మోళ్లు దున్నేశారు, 2006–2014 మధ్య దాదాపు 1,100 కోట్ల వంధ్య రెక్కల పురుగులను విమానాల నుంచి వదిలారు. 1917లో టెక్సస్‌లో అడుగుపెట్టిన ఈ పురుగును పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించినట్టు 2018లో ప్రకటించారు.

మనకు ఈ పాఠం కొత్తదేమీ కాదు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం రైతులు సింథటిక్ పైరిత్రాయిడ్లను విపరీతంగా కొట్టారు. మిత్ర పురుగులు చచ్చాయి, తెల్లదోమ విజృంభించింది. 1987–88 నాటికి ఆంధ్ర పత్తి చేలలోని శనగపచ్చ పురుగు ఆ మందులను తట్టుకుంటోందని పరిశోధనలు తేల్చాయి. ప్రకాశం జిల్లాలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ల తర్వాత పొగాకు లద్దెపురుగు రూపంలో ఆ విషాదం వరంగల్‌కు చేరింది. ప్రతిసారీ కొత్త మందో కొత్త జన్యువో తెచ్చాం. పంట ఎంతకాలం నిలబడాలన్న ప్రశ్న మాత్రం వేయలేదు.

ఒక్క రైతు డిసెంబరులో చేను తీసేసినా పక్క చేను మార్చి దాకా ఉంటే ఫలితం సున్నా. లింగాకర్షక బుట్టల సంగతీ అంతే. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడితే మందు కొట్టే సమయం వచ్చిందని సిఫార్సు. ఆ లెక్క ఊరంతటికీ తెలిస్తేనే ఉపయోగం. ఇక పురుగుల జతకట్టే ప్రక్రియను చెడగొట్టే పేస్టును నాలుగు గుంటల్లో పూస్తే, గట్టు అవతల జతకట్టి వచ్చిన తల్లి పురుగు యథావిధిగా గుడ్లు పెట్టిపోతుంది. ఈ పురుగు విషయంలో యూనిట్ ఊరే. ఒకప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2000ల మొదట్లోనే పురుగుమందులు లేకుండా పత్తి పండించగలిగిందంటే, ఊరు ఊరంతా ఒక మాట మీద నిలబడటం వల్లే.

అందుకే మన రాష్ట్రాల నుంచి నేను కోరేవి చిన్నవేమీ కావు. 150 రోజుల లోపు చేతికొచ్చే, హైబ్రిడ్లు కాని సూటి రకాల మీద, దగ్గర దగ్గరగా విత్తే అధిక సాంద్రత సాగు మీద నంద్యాల, లాం, వరంగల్ పరిశోధన కేంద్రాలకు నిధులూ సిబ్బందీ ఇవ్వాలి. నరసింహ వంటి సూటి రకాన్ని అందించిన నంద్యాలకు ఆ పని చేతకానిది కాదు. విత్తన ప్యాకెట్ మీద పంట కాలం పెద్ద అక్షరాల్లో ఉండాలి, దీర్ఘకాలిక రకాల అనుమతులను దశలవారీగా ఉపసంహరించాలి. జిన్నింగ్ మిల్లుల్లో వేసవి పొడవునా బుట్టలు పెట్టడం లైసెన్సు షరతు కావాలి.

అన్నిటికన్నా కష్టమైనది జనవరి పత్తి. ఆఖరి తీతల్లో వచ్చే రెండు మూడు క్వింటాళ్లే కౌలు రైతుకు కౌలు బాకీ తీర్చే డబ్బు. తీసెయ్యమని కరపత్రం పంచితే అతను తీసెయ్యలేడు. తెలంగాణలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి ఉంది. అంతటా ఒకేసారి సాధ్యం కాకపోతే, పురుగు ఉద్ధృతి ఎక్కువున్న కొన్ని మండలాలను ఎంచుకుని, డిసెంబరు ఆఖరుకు చేలు ఖాళీ చేసిన ఊళ్లకు ఆ ఆఖరి తీతల విలువను ప్రభుత్వమే చెల్లించాలి. పత్తి కట్టె ముక్కలు చేసే యంత్రాలను ఉచితంగా పంపాలి. ఆ సొమ్ము పట్టా చూసి భూయజమాని ఖాతాలో వేయకుండా, చేను దున్ని పత్తి పండించిన కౌలుదారు చేతికే అందేలా చూడాలి.