పెరటి తోట: చెట్టు మొదలు వైపు ఒక చూపు

మామిడి చెట్టున్న ప్రతివారూ పూతను చూస్తారు, పిందెలను లెక్కిస్తారు, పక్కింటి పిల్లల మీద ఒక కన్ను వేసి ఉంచుతారు. చెట్టు మొదలు వైపు వంగి చూసేవారు అరుదు. ఆ అరుదైనవారిలో మేమూ లేకపోయామని ఒప్పుకొనడానికే ఈ మాసపు శీర్షికను వినియోగిస్తున్నాము.

జంషెడ్‌పూర్ నగరానికి చెట్టు క్రొత్తది కాదు. కర్మాగారపు పునాదులు పడకముందే, 1902లో జంషెడ్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, కట్టబోయే ఊరికి విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు ఉండాలని కోరారు. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన మన తెలుగువారు వీధుల నీడతో తృప్తి చెందక, పెరటిలో తమ ఊరి మామిడినే నాటుకొన్నారు. మా క్వార్టరులో మాకు ముందున్న శ్రీకాకుళం పెద్దాయన నాటినది సువర్ణరేఖ. విశాఖ ప్రాంతపు రకం అది. ఇక్కడ మన పక్కనే పారుతున్న నదిదీ అదే పేరు. పదవీ విరమణ చేసి వెళుతూ ఆయన మాకు తాళపు చెవులు ఇచ్చి, “ఇల్లు కంపెనీది, చెట్టు మాత్రం మీరు చూసుకోవాలి నాయనా” అన్నారు.

ఆ మాట నిలుపుకొన్నామని చెప్పలేము. ఒక వర్షాకాలం చివర చెట్టు మొదట రంపపు పొట్టు వంటి పొడి రాలి కనిపించింది. పైన ఒక రంధ్రం, దాని నుండి కారిన నల్లని బంక. రంధ్రమే కదా జబ్బు అనుకొని సిమెంటు కలిపి నున్నగా పూసివేశాము. తెలివైన పని చేశామని ఆ సాయంత్రం నలుగురికీ చెప్పుకొన్నాము కూడా. మరుసటి ఏడు జానెడు పైన మరొక రంధ్రం పడింది. తూర్పు కొమ్మ ఆకులు పసుపు బారి, కొమ్మంతా ఎండిపోయింది. చూడవచ్చిన వృద్ధ తోటమాలి సిమెంటు మీద గోటితో తట్టి, “బాబూ, తలుపు వేశారు గాని దొంగ ఇంట్లోనే ఉన్నాడు” అన్నాడు.

ఆ దొంగ మామిడి కాండం తొలుచు పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని బాటోసెరా రూఫోమాక్యులేటా అంటారు. తల్లి పురుగు రెండు అంగుళాల పొడవున, బూడిద రంగులో, ఒంటిని మించిన మీసాలతో ఉంటుంది. తొలకరితో బయటికి వస్తుంది. రాత్రివేళ వసారా దీపం చుట్టూ తిరిగే పెద్ద పురుగులలో ఇదీ ఒకటి కావచ్చును. బెరడు పగుళ్ళలో ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోనికి దూరి, నెలల తరబడి కొయ్యను తింటూ మూడు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. నీరు, ఆహారం పైకి పోయే మార్గాలు తెగిపోవడం వల్లనే కొమ్మ ఎండుతుంది. ఎండిన తరువాత ఆకుల మీద మందు చల్లుట వృథా. చల్లినవారిని మేమెరుగుదుము.

తోటమాలి చేసిన పని ఇంతే. తాజా పొడి రాలుతున్న రంధ్రాన్ని వెదికి, చాకుతో శుభ్రపరచి, పాత సైకిల్ చువ్వను కొన వంచి లోనికి దూర్చి త్రిప్పాడు. చువ్వ కొనకు తడి అంటింది. పురుగు తగిలినదనడానికి అదే గుర్తు. తరువాత కిరోసిన్‌లో ముంచిన దూదిని లోనికి కుక్కి, రంధ్రాన్ని బంకమట్టితో మూశాడు. వారం తరువాత మరల పొడి రాలితే మరల అదే పని.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. పాత కరపత్రాలలో కనిపించే డైక్లోర్వాస్ మందును మన దేశంలో 2020 డిసెంబరు 31 నుండి నిషేధించారు. ధాన్యంలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళను రంధ్రంలో పెట్టమని సలహా ఇచ్చేవారున్నారు. దాని నుండి వెలువడే వాయువు మనిషి ప్రాణం తీస్తుంది. గోడకు గోడ ఆనుకొని ఉన్న క్వార్టర్లలో ఆ బిళ్ళను ఇంట ఉంచుకొనడం సైతం మేము ఒప్పుకొనము.

కాండం మీద పొట్టు, మలం కలిసిన సాలెగూడు వంటి చారలు కనిపిస్తే అది బెరడు తినే గొంగళి. జామకు, మునగకు కూడా పడుతుంది. చారలను గోనెగుడ్డతో తుడిచి, కొమ్మల పంగలో దాని రంధ్రాన్ని వెదకి అదే చికిత్స చేయాలి. చెదల మట్టిని గీకివేస్తే చాలావరకు సరిపోతుంది.

వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి మొదలుకు బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా కరిగించి, మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలి. లోహపు పాత్ర పనికిరాదు. మెరుగుపెట్టిన చాకును ముంచితే దానిపై రాగి పొర పట్టినచో సున్నం చాలలేదన్నమాట. లోహాల మధ్య పనిచేసే మన పాఠకులకు కారణం వివరింపనక్కరలేదు. ఇది పురుగుమందు కాదు. బూజు తెగుళ్ళను, గాయాల కుళ్ళును ఆపుతుంది. లోపలి పురుగును ఏమీ చేయదు.

ఆదిత్యపూర్ పాఠకులొకరు ఆపిల్ మొక్క గురించి అడిగారు. హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన హరిమన్ శర్మ రూపొందించిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 వంటి రకాలు వేడి ప్రదేశాలలోనూ కాస్తున్నవి. కాండం తొలిచే పురుగుల బెడద ఆపిల్‌కూ ఉన్నది గనుక పై చికిత్సనే పాటించగలరు.

మా సువర్ణరేఖకు తూర్పు కొమ్మ లేదు. సిమెంటు మచ్చ మాత్రం అలాగే ఉన్నది. ఈ ఏటి వానలలో రెండు చోట్ల పొడి రాలింది. రెండు చోట్లా పురుగు దొరికింది. చువ్వను వంటింటి తలుపు వెనుక వ్రేలాడదీశాము.