మా వసారా ముచ్చటలు: తెగిన వ్రేళ్ల సంగీతము



ఈ శీర్షికలో మేము సాధారణముగా ఇంటి విషయములనే ముచ్చటించుచుందుము. ఈ మాసమున ఇంగ్లండు దేశపు నలుగురు శ్రామికపుత్రులు చేసిన ఒక రికార్డును గూర్చి వ్రాయుచున్నామనిన మీకు వింతగా తోచవచ్చును. అయినను ఈ ముచ్చటయు మా యింటనే పుట్టినది.

మా మఱది ఇంజనీరింగు చదువుచు మాయొద్దనే యున్నాడు. 2025వ సంవత్సరము జూలై 22వ తేదీన ఓజీ ఆస్బర్న్ అను గాయకుడు మరణించెను. ఆ వార్త తెలిసిన నాడు మా మఱది ఒక రికార్డును బిగ్గరగా వినుచుండెను. మొదట వాన, ఉరుము, దూరమున ఒక గంట. ఆవెనుక ఇల్లదరునట్టి గిటారు మ్రోత. మేము దేవునిగదినుండి వచ్చుచు, "ఇదేమి రాక్షసఘోష నాయనా! సంసారుల యింట వినదగినదేనా?" అని గద్దించితిమి. అతడు మాఱుమాటాడక ఆపివేసెను. నాటినుండి చెవులలో తీగలు పెట్టుకొని, గది తలుపు మూసికొని, భోజనమువేళ ముక్తసరిగా బదులిచ్చుచుండగా మా మనసు చివుక్కుమన్నది. మా వారితో చెప్పుకొనగా, "పిల్లవాడు వ్రాసినది చదువక మార్కులు వేయుట మా బడిలో నేరము" అనిరి. మేము సిగ్గుపడి, ఆ సాయంత్రమే మఱది గదికి పోయి, "ఆ పాట సంగతి మాకును చెప్పుము" అని యడిగితిమి. అతడు చెప్పినదియు, పిమ్మట మేము చదివి తెలిసికొన్నదియు నిది.

ఆ రికార్డు పేరు బ్లాక్ సబ్బాత్. బృందము పేరును, అందలి మొదటి పాట పేరును అదియే. బర్మింగ్‌హాం నగరమున ఫ్యాక్టరీల నడుమనున్న ఆస్టన్ అను వాడలో ఆ నలుగురును పెరిగిరి. గిటారు టోనీ ఐయోమీ, బేసు గిటారు గీజర్ బట్లర్, డ్రమ్ములు బిల్ వార్డ్, గానము ఓజీ. ఓజీ కొంతకాలము పశువధశాలలోను, మఱికొంతకాలము తన తల్లి పనిచేయు ఫ్యాక్టరీలో మోటారుకార్ల హారనుల శ్రుతి సరిచూచుటయందును పనిచేసెను.

1965లో ఐయోమీకి 17 ఏండ్లు. ఇనుపరేకుల ఫ్యాక్టరీలో అతనికి అది కడపటి దినము. మఱి గిటారు వాయించియే బ్రతుకదలచెను. మధ్యాహ్నము భోజనమునకు ఇంటికి వచ్చి, తిరిగి పోనని తల్లితో చెప్పెను. ఆమె ఒప్పుకొనక, పని సక్రమముగా ముగించి రమ్మని పంపెను. ఆ పూట అతడు తనకు అలవాటులేని యంత్రము కడ నిలువవలసి వచ్చెను. ఆ యంత్రము అతని కుడిచేతి నడిమివ్రేలి కొనను, ఉంగరపువ్రేలి కొనను త్రుంచివేసెను. అతడు ఎడమచేతి వాటమువాడగుటచే తంత్రులను నొక్కవలసినది ఆ కుడిచేతి వ్రేళ్లే!

వీణ నేర్చిన సోదరీమణులు ఇందలి బాధను ఊహింపగలరు. తొలినాళ్లలో తీగె ఒఱసి వ్రేలు కందినమాత్రమున మనము కన్నీరు పెట్టుకొంటిమి గదా! ఇక ఆ తల్లి మాటయందు దోషమేమున్నది? మొదలిడిన పని ముగింపుమని మనమందఱము బిడ్డలకు చెప్పునదే. ఆ సాయంత్రమును ఆమె ఎట్లు గడపెనో యను తలపు ఈ కథ విన్నది మొదలు మమ్ము వీడలేదు.

వైద్యులు అతనిని గిటారు మానుకొమ్మనిరి. అతడు క్రుంగియుండగా ఫ్యాక్టరీ పెద్ద యొకడు ఒక రికార్డు తెచ్చి వినిపించెను. అది జాంగో రైన్‌హార్ట్ అను వాద్యకునిది. 1928లో అగ్నిప్రమాదమున జాంగో ఎడమచేతి వ్రేళ్లు రెండు చెడెను. తక్కిన రెంటితోడనే అతడు అట్లు వాయించెనని తెలియగానే కుఱ్ఱవానికి ప్రాణము లేచివచ్చెను. పాత్రలు తోము ద్రవము పోసిన ప్లాస్టిక్కు సీసాను కరగించి, ఉండచేసి, తొలిచి, అరగదీసి తన వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. అవి తంత్రులపై జాఱిపోవుచుండగా పాత తోలుకోటు ముక్కలను వానికి అంటించెను. మందపు తంత్రులను నొక్కలేక బాంజో వాద్యమునకు కట్టు సన్నని తీగెలను గిటారునకు కట్టుకొనెను.

భారతమున ద్రోణునకు బొటనవ్రేలిచ్చిన పిమ్మట ఏకలవ్యుని బాణమునకు మునుపటి వేగము లేకపోయెనని చదివి మేము చిన్ననాట ఏడ్చితిమి. ఇచ్చటను పూర్వపు చేయి మరల రాలేదు. కాని క్రొత్త చేతికి తగిన క్రొత్త వాదనపద్ధతిని అతడు కల్పించుకొనెను. కొన్ని స్వరములనే ఎన్నుకొని బరువుగా, స్థిరముగా నిలుపు ఆ రీతినుండియే హెవీ మెటల్ అను సంగీతమునకు పునాది పడెనని పలువురందురు.

1969 అక్టోబరు 16వ తేదీన, లండనులోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో, రాడ్జర్ బెయిన్ పర్యవేక్షణమున, ఒక్క దినములోనే వారు ఈ పాటలను ముద్రించిరి. సుమారు 12 గంటల పని. చేత సొమ్ము లేదు, గడువు లేదు. కచేరీలో వలె నలుగురును కలిసి వాయించిరి. ఓజీ వేఱొక చిన్న గదిలో నిలిచి పాడెను. నడుమ ఐయోమీ గిటారు చెడిపోగా, మాఱుగా తెచ్చుకొన్న రెండవ గిటారుతో తక్కిన పాటలు సాగించెను. మేము విన్న ఆ వాన, ఆ గంట తరువాత చేర్చబడినవి.

ఇక ఆ భయంకరమైన పేరు. వారు సాధకము చేయు స్థలమున కెదురుగా ఒక సినిమాహాలుండెను. జనులు డబ్బిచ్చి భయపడుటకు వరుసలు కట్టుట చూచి, సంగీతమున మాత్రము ఆ పని ఏల చేయరాదని వారు తలపోసిరి. ఒక భయానకచిత్రము పేరునే తమకు పెట్టుకొనిరి. మన ఆలంకారికులు భయానకమును రసములలో నొకటిగా ఏనాడో లెక్కించిరి గదా! ఆ మొదటి పాటలోని మనుష్యుడు పిశాచమును కొలుచువాడు కాడు. దానిని చూచి వణకి దేవుని పిలుచువాడు.

ఆ పాటలో మొదట షడ్జమము, పిదప పై షడ్జమము, ఆపైని ప్రతిమధ్యమము పలుకును. హోల్స్ట్ అను ఆంగ్ల స్వరకర్త అంగారకునిపై కూర్చిన కృతిని బట్లర్ వాయించుచుండగా విని ఐయోమీ దీనిని కల్పించెను. ఈ స్వరాంతరమునకు యూరపువారు పూర్వము సైతాను పేరు పెట్టిరి. మనకో, ఆ ప్రతిమధ్యమమే మంగళప్రదమైన కల్యాణికి జీవము!

1970 ఫిబ్రవరి 13వ తేదీ శుక్రవారమున రికార్డు వెలువడెను. విమర్శకులు చాలమంది ఈసడించిరి. రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బాంగ్స్ దీనిని చులకన చేసెను. వినువారు మాత్రము కొనిరి. బ్రిటనులో 8వ స్థానమునకును, అమెరికాలో 23వ స్థానమునకును ఎక్కెను. మడత అట్టలోపల బృందమునకు తెలియకయే తలక్రిందుల సిలువ ముద్రింపబడగా, వీరు సైతాను భక్తులను నింద వ్యాపించెను. ఓజీ తండ్రి, పనిముట్లు చేయు కార్మికుడు, లోహపు సిలువలు చేసి నలుగురికిని ధరింప నిచ్చెను. తిట్టిన ఆ పత్రికయే 2003లో ఎన్నిన 500 ఉత్తమ ఆల్బముల పట్టికలో దీనికి చోటిచ్చెను.

ఇందు అంతయు మెచ్చదగినదే యని మేమనము. మద్యము, మాదకద్రవ్యములు ఆ బృందమును పీడించెను. వానివలననే 1979లో ఓజీ తొలగింపబడెను. ఈ మాటయు మఱదితో దాపఱికము లేక చెప్పితిమి. "తెలియును వదినా, ఆ దారి నాకు వలదు" అని అతడు శాంతముగా ననెను. తలుపు మూసియుండగా ఈ మాట మాకు వినబడియుండునా?

2025 జూలై 5వ తేదీన, తాము పెరిగిన ఆస్టన్‌లోని విల్లా పార్కులో ఆ నలుగురును కడసారి కలిసి వాయించిరి. ఓజీ సింహాసనమున కూర్చుండి పాడెను. ఆ పిదప 17 దినములకే కన్నుమూసెను.

మొన్న శుక్రవారము మేము వీణ దించి, దుమ్ము తుడిచి, శ్రుతిచేసి ఆ మూడు స్వరములను మెల్లగా పలికించితిమి. మఱది గదినుండి పరుగున వచ్చి, "వదినా, అదే!" అని నవ్వెను. మా వారు పేపరుమాటున దాగి, "రాక్షసఘోష బాగుగనే యున్నది" అనిరి.

మీ యిండ్లలోని పిల్లలు వినునది మీకు నచ్చకపోవచ్చును. నచ్చలేదని చెప్పుటకు మీకు హక్కు కలదు. కాని, ఆ మాట చెప్పుటకు ముందు వారి ప్రక్కను కూర్చుండి ఒక్క పాటయైనను తుదివఱకు వినుడు.