హిరణ్యకశిపుడికి చప్పట్లు

సినిమా చూచి వచ్చినవాళ్ళు అభిప్రాయాలు చెప్పడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. కాని ప్రహ్లాదుని కథ విషయంలో మా అహోబిలం వాళ్ళకున్న అధికారం ఇంకెవరికీ లేదు. మిగతా ఊళ్ళలో ఆ కథ తెరమీద జరుగుతుంది. మా ఊళ్ళో కొండమీద జరిగింది. స్వామి వెలువడ్డాడని చెప్పే ఉగ్రస్తంభం తలెత్తితే కనబడుతుంది. రాక్షసుణ్ణి చీల్చి చేతులు కడుక్కున్నాడనే రక్తకుండం జ్వాలా నరసింహస్వామి సన్నిధిలో ఉంది. ఆ పసివాడు చదువుకున్నాడనే ప్రహ్లాదబడి కూడా ఈ కొండల్లోనే ఉంది. అందుచేత ఆ కథను ఎవరు సినిమా తీసినా మావాళ్ళు ప్రేక్షకుల్లాగా చూడరు, సాక్షుల్లాగా చూస్తారు. అబద్ధం దొరికిందా, వదలరు.

2025 జూలైలో అశ్విన్ కుమార్ అనే ఆయన తీసిన 'మహావతార్ నరసింహ' వచ్చింది. నటులు లేని సినిమా, అంతా బొమ్మలే. ఊళ్ళో సగంమంది బస్సులెక్కి పట్నం పోయి చూచి వచ్చారు. ఆ వారమంతా నేను వేరే పని పెట్టుకోకుండా వాళ్ళ మాటలు విన్నాను. వినదగినవే.

గుడి దగ్గర పూలమ్మే ఆమె అభ్యంతరం ఒకటే: "సభలో నిలబెట్టిన కంబం చూపిచ్చినారమ్మా. కంబమంటే అదో, ఆ కొండ! దాన్ని చూపిచ్చకుండా ఏం సినిమా తీసిరి?" మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆయన, చివరి ఘట్టంలో రక్తం మరీ ఎక్కువైంది, పిల్లలకు చూపించరాదు అన్నారు. ఆయన కొడుకేమో రెండోసారి తీసుకుపొమ్మని అన్నం మానేసి కూచున్నాడట. మా అత్తగారు చిన్నపిల్లగా ఏవీయం వారి 'భక్త ప్రహ్లాద'ను టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు మీద చూచిన మనిషి. ఆమె తీర్పుకు అప్పీలు లేదు: "ఎన్నైనా చెప్పు, రంగారావు నడిచొస్తే నేల అదిరేది. ఈ బొమ్మ నాయన అరుస్తాడు గాని అదరడు."

ఇన్ని మాటలు విన్న తర్వాత నాకు తోచిందేమిటంటే, అందరూ మాట్లాడింది చంపేవాణ్ణి గురించీ, వాణ్ణి చంపిన తీరును గురించీ. చావవలసి వచ్చిన పిల్లవాణ్ణి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పాములూ ఏనుగులూ ఎట్లా ఉన్నాయో చెప్పారు గాని, వాటి ముందు నిలబడ్డ అయిదేళ్ళవాడు ఏమైపోయాడో ఎవరికీ పట్టలేదు.

ఇది నేటి అలవాటు కాదు లెండి. తెలుగు తెర నోరు విప్పి చెప్పిన మొట్టమొదటి కథే ఇది. హెచ్.ఎం.రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైనప్పుడు మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. ఆ చిత్రం ప్రతి ఇప్పుడు ఎక్కడా దొరకదు. 1942లో చిత్రపు నారాయణమూర్తిగారు మళ్ళీ తీస్తే వేమూరి గగ్గయ్యగారు ఆ వేషం కట్టారు. 1958లో వచ్చిన 'చెంచులక్ష్మి'లో ఎస్.వి.రంగారావుగారు, 1967లో ఏవీయం చిత్రంలో మళ్ళీ ఆయనే. అందులో ప్రహ్లాదుడుగా వేసిన చిన్నారి రోజారమణి, లీలావతిగా అంజలీదేవి ఎంత బాగా చేసినా, ఇంటికి వచ్చి జనం అనుకరించింది రంగారావుగారి నడకను, గద తిప్పడాన్ని, కనుబొమ ఎగరేయడాన్ని. ప్రహ్లాదుడిలాగా చేతులు జోడించి ఇల్లంతా తిరిగిన మగపిల్లవాణ్ణి నేనైతే చూడలేదు.

తప్పు నటులది కాదు. ఆ పాత్రే అట్లాంటిది. భాగవతం సప్తమ స్కంధం తెరిచి చూడండి. తమ్ముడు హిరణ్యాక్షుడు వరాహమూర్తి చేతిలో చచ్చాడు. తల్లి దితి, మరదలు గుండెలు బాదుకుంటున్నారు. అప్పుడు ఈ రాక్షసుడు వాళ్ళను కూర్చోబెట్టి, ఆత్మకు చావు లేదు, పుట్టినవాళ్ళు దారిలో చలివేంద్రం దగ్గర కలిసిన బాటసారుల వంటివాళ్ళు అని ఎంతో చక్కని వేదాంతం చెబుతాడు. క్లాసులో ఆ భాగం చెప్పి, ఈ మాటలు ఎవరివి అని అడిగితే పిల్లలు ఏ మహర్షి పేరో చెబుతారు. అంత తెలిసినవాడే, తమ్ముణ్ణి చంపినవాడి నెత్తుటితో తమ్ముడికి తర్పణం వదులుతానని అప్పటికే ప్రతిజ్ఞ పట్టి ఉన్నాడు. తెలివి ఒక గదిలో, పగ ఒక గదిలో కాపురం ఉంటాయి. నడుమ తలుపు వేసే ఉంటుంది. ఆ పగవాడి పేరు కొడుకు నోట వినబడ్డ రోజున కొడుకు కాస్తా పగవాడైపోయాడు. ఇక విషం, మంట, సముద్రం, కొండ కొన. ఒకటి కాకపోతే ఇంకొకటి. పిల్లవాడు చావని కొద్దీ తండ్రికి నిద్ర లేదు. ముందు కోపంతో మొదలుపెట్టాడు, ఆ తరువాత భయంతో సాగించాడు.

మనవాళ్ళు ప్రహ్లాదుణ్ణి మాట్లాడే తెరమీదికి తెచ్చే ముందు ఏడాది, 1931లో, జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ అనే దర్శకుడు 'ఎం' అనే చిత్రం తీశాడు. పిల్లల్ని మాయచేసి చంపేవాడి కథ. అందులో ఒక్క హత్యా కళ్ళకు చూపలేదు. పాప ఆడుకున్న బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది, బుడగ తీగెల్లో చిక్కుకుంటుంది, అంతే. తక్కినది ప్రేక్షకుడి గుండె చూసుకుంటుంది. అక్కడ హంతకుడు ఎక్కడివాడో తెలియని వీధి మనిషి. ఊరు ఊరంతా, దొంగలతో సహా, వాణ్ణి వెతకడానికి బయలుదేరుతుంది. మన కథలో హంతకుణ్ణి వెతకనక్కరలేదు. సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు, సాయంత్రం కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఈవేళ బళ్ళో ఏం చదివావు నాన్నా?" అని అడుగుతున్నాడు. అంత చెడ్డ కథ మనం ఇంటిల్లిపాదీ కూర్చుని, పిల్లలకు వేరుసెనక్కాయలు పెడుతూ చూస్తాం!

క్లాసులో ఈ సంగతి వచ్చినప్పుడు, సినిమాలో మీకు భయం వేసింది ఎక్కడ అని అడిగాను. పాముల దగ్గర అన్నారు కొందరు, కంబం పగిలినప్పుడు అన్నారు కొందరు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని కుర్రవాడు లేచి, "ఒళ్ళో కూచోబెట్టుకున్నప్పుడు మేడమ్" అన్నాడు. క్లాసు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడి సంగతి నాకు కొంత తెలుసు. ఇంజనీరింగు చదివించాలని తండ్రి కయ్య కుదువపెట్టి కోచింగుకు పంపాడు. వీడు ఏడాది తిరగకుండా వచ్చి బి.ఏ.లో తెలుగు తీసుకున్నాడు. "మళ్ళా ఇంట్లో అడుగు పెడితే నరుకుతా" అన్నాడట ఆ తండ్రి. ఆయన దుర్మార్గుడేమీ కాదు. అప్పులో మునిగినవాడు, ఒక్క కొడుకుమీద ప్రాణాలన్నీ పెట్టుకున్నవాడు. తల్లి మాత్రం శనివారం శనివారం మొగుడికి తెలియకుండా ఆళ్లగడ్డ బస్టాండు దాకా వచ్చి కొడుక్కి సద్ది ఇచ్చి పోతుంది. పురాణంలో లీలావతికి బస్టాండు లేదు గాని, కథ అదే.

నిజానికి ఈసారి సినిమా చూస్తే మీరు ఆ చుట్టూ ఉన్నవాళ్ళను గమనించండి. గురువులున్నారు. పిల్లవాడు హరినామం ఎత్తగానే చండామార్కులు మొదట అన్న మాట, "ఇది మేం నేర్పింది కాదు" అని! అధ్యాపకుల నోటికి ఆ మాట ఎంత సులువుగా వస్తుందో నాకు తెలుసు. భటులున్నారు, చెప్పిన పని చేస్తారు. సభ ఉంది, తల వంచుకుంటుంది. నాటకాలవాళ్ళు, సినిమావాళ్ళు తల్లి చేతికే విషపు గిన్నె ఇచ్చారు. ఒక్కడి పంతానికి ఇంతమంది చేతులు సాయం కావాలి. వీళ్ళలో ఎవరో ఒకరు గట్టిగా ఒక మాట అని ఉంటే కంబం పగలవలసిన అవసరం ఉండేదా అనిపిస్తుంది. ఆ అనిపించడం వల్లనే, ఆ కుర్రవాడి తండ్రిని ఒకసారి కాలేజీకి వచ్చి పొమ్మని కబురు పెట్టాను. వస్తాడో రాడో చూడాలి.

అయితే హిరణ్యకశిపుడికి చప్పట్లు కొట్టవద్దంటారా అని మీరడగవచ్చు. నటుడికి కొట్టండి, నేనూ కొడతాను. కాని ఆ చప్పట్లతో కథ ముగిసిందనుకోకండి. తంజావూరు జిల్లాలో మేలట్టూరు అనే ఊరుంది. చుట్టూ తమిళం మాట్లాడే ఆ సీమలో నరసింహ జయంతికి రాత్రంతా తెలుగులో ప్రహ్లాద చరిత్రం భాగవతమేళం ఆడతారు. నరసింహుడి ముఖం అక్కడ వట్టి వేషపు సరుకు కాదు, పూజలందుకునేది. అది ధరించేవాడు ఉపవాసం ఉంటాడు. ఆవేశం వస్తే పట్టుకోవడానికి మనుషులు పక్కనే నిలబడతారు. అక్కడ చూడవచ్చినవాళ్ళు "బాగా చేశాడు" అనుకుని లేచిపోరు, దణ్ణం పెట్టుకుని లేస్తారు. చెడ్డవాడు చచ్చాడన్న సంతోషంకంటె పెద్దదేదో వాళ్ళకు దొరుకుతుంది.

ఆ పెద్దదేమిటో భాగవతం చివరన ఉంది, సినిమాలు అక్కడిదాకా పోయేసరికి జనం చెప్పులు వెతుక్కుంటుంటారు. స్వామి ఉగ్రం చల్లారలేదు. దేవతలు దగ్గరికి పోలేరు, సాక్షాత్తూ లక్ష్మీదేవే వెనకాడింది. ఆ పసివాడొక్కడే పోయి కాళ్ళమీద పడ్డాడు. వరం కోరుకోమంటే, మా తండ్రి నిన్ను ద్వేషించాడు, ఆ పాపం ఆయన్ను అంటకుండా చూడమని అడిగాడు. స్వామి సరేనని, ముందు వెళ్ళి తండ్రికి ఉత్తరక్రియలు చేయమన్నాడు. వాడు చేశాడు.

తండ్రి తప్పుకు ఒక్కనాడూ "ఊఁ" కొట్టలేదు. కొడుకు కావడం ఒక్కనాడూ మానలేదు. హిరణ్యకశిపుణ్ణి గురించి అందరికన్నా దగ్గరగా చూచినవాడు చెప్పిన అభిప్రాయం అది. మా అత్తగారికి ఇది చదివి వినిపిస్తే, కాసేపు ఊరుకుని, "అది గూడా సినిమాలో పెట్టింటే బాగుండు" అన్నారు. ఆమె తీర్పుకు అప్పీలు లేదని ముందే మనవి చేశాను.