కొర్రలు తినండి, బీపీ మాత్ర మానకండి

పై వీడియోలో మిర్చికి జీవామృతం పారించడం చూపించాను కానీ, రాయాల్సింది వేరే ఉంది.

మూడేళ్ల క్రితం మా బాబాయికి నేనే చెప్పాను, "కొర్రలు, అండుకొర్రలు తిను బాబాయ్, ఆ మాత్రలతో పనేముంది" అని. మానేశాడు. ఏడు నెలలకి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆ సంగతి మీద నన్ను ఇప్పటికీ ఒక్క మాట అనలేదు.

గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో 2003-04లో ఏడాదిపాటు చావులన్నీ లెక్క తీశారు. 1,354 మందిలో దాదాపు మూడోవంతు గుండెజబ్బు, పక్షవాతం లాంటివే. అంటురోగాలు బాగా వెనక. తర్వాత ఆస్ట్రేలియా ఫ్యామిలీ డాక్టరు డేవిడ్ పీరిస్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పశ్చిమగోదావరిలో 54 ఊళ్లలో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లిచ్చి ఇంటింటికీ బీపీ చూపించారు. అయినా బీపీ అదుపులో ఉన్నవాళ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకైతే వింతేం అనిపించలేదు. చూడటం ఒక్కరోజులో అయిపోద్ది, మాత్ర రోజూ దొరకాలి, రోజూ మింగాలి.

ఫ్యామిలీ డాక్టర్ పథకం 2023 ఏప్రిల్ 6న మన జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో మొదలైంది. నెలకి రెండుసార్లు 104 బండితో డాక్టరు ఊరికి రావాలని ఏర్పాటు. ప్రభుత్వం ఎవరిదైనా, వచ్చే డాక్టరు మాత్రం ప్రతిసారీ అదే మనిషి అయ్యుండాలి. మన నేల సంగతి పక్కూరాయనకి ఒక్కపూటలో తెలుస్తుందా? ఇదీ అంతే.

కొర్రలు తినండి, ఉప్పు, ఊరగాయ తగ్గించండి. మాత్ర తగ్గించాలో లేదో డాక్టరు చెప్తాడు, నాలాంటోడు కాదు.

వీడియో చివర్లో గట్టు మీద కుర్చీలో ఉన్నది మా బాబాయే. మిర్చి మరీ దగ్గరగా నాటానని తిడుతున్నాడు.